యంత్రానికి రాని కొండమాట

అనంతగిరి ఘాటు దాటి అరకులోయలోకి దిగేవారు వలిసెపూలను, కాఫీతోటలను చూడటానికి వెళ్తారు. గడచిన కార్తీకంలో నేను వెళ్ళినది ఒక వృద్ధురాలి మందుబిళ్ళల కథ వినడానికి. నా వద్ద బి.ఏ. చదివి, ఇప్పుడు మన్యంలోనే ఉపాధ్యాయుడుగా ఉన్న శిష్యుడొకడు పిలిచాడు. వారు కొండదొరలు. ఇంట్లో నాయనమ్మ ఉన్నది, ఆమెకు రక్తపుపోటు. ప్రతి ఉదయం ఒక బిళ్ళ వేసుకోవలె. ఈనాటికీ రేపటికీ కాదు, ఉన్నన్నాళ్ళూ వేసుకోవలె.

శిష్యుడు బడికి పోయేలోగానే ముసలమ్మ పోడుకు పోతుంది. అందువల్ల అతడు ఒక ఉపాయం పన్నాడు. కృత్రిమ మేధ అని ఈనాడు అందరి నోటా వినబడుతున్న యంత్రవిద్యను ఒక ఫోనులో అమర్చి, ఆ ఫోను ఆమె గూటిలో పెట్టాడు. తెల్లవారి ఆరుగంటలకు అది తనంతట తానే పలుకుతుంది: “నమస్కారమండీ! నేడు తమ ఔషధాన్ని సేవించారా? శిరోభారం ఏమైనా ఉన్నదా?”

పాఠకులు నవ్వవచ్చు. ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నా తరగతిలో ఇంత నిర్దుష్టమైన భాష ఏ విద్యార్థీ మాట్లాడి ఎరుగడు!

ముసలమ్మకు సంతతెలుగు వచ్చును. బేరమాడగలదు, బస్సు టిక్కెట్టు అడగగలదు. కాని తన ఒంటి సంగతి చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆమె నోట వచ్చేది కొండభాషే. ఆమె ఆ భాషలోనే జవాబు చెప్పింది. యంత్రం దానిని తెలుగు అనుకొని, అందిన శబ్దాలతో ఏదో వాక్యం కూర్చుకొని, “చాలా మంచిదండీ” అని, మందు వేసుకున్నట్లు లెక్క వ్రాసుకున్నది. శిష్యుడు శిక్షణకని పాడేరు వెళ్ళి పది రోజులున్నాడు. రోజూ రాత్రి తన ఫోనులో ఆ లెక్క చూసుకొని నిశ్చింతగా నిద్రపోయాడు. తిరిగివచ్చి డబ్బా మూత తీస్తే అందులో ఏమీ లేదు. బిళ్ళలు అయిపోయి వారం దాటింది. తల తిరగడం లేదు గనుక ఇక అక్కరలేదేమో అనుకున్నాననీ, ఆ మాటే రోజూ ఫోనుతో చెబుతున్నాననీ ఆమె అన్నది.

“ఆ పెట్టిలో బాబు మంచోడే మేస్టారూ! నానేటి సెప్పినా మంచిదనే అంటాడు” అని నాతో మెచ్చుకున్నది కూడా.

ఇది నవ్వి ఊరుకోదగిన విషయం కాదు. రక్తపుపోటు తరచుగా ఏ బాధా కనబరచని వ్యాధి. మందు మానినా ఆ రోజుకు ఏమీ కాదు. ఆ మరునాడూ ఏమీ కాదు. ఒకనాటి ఉదయం కాలూచెయ్యీ పడిపోతుంది. ఇట్టి వ్యాధిలో “వేసుకున్నది” అని ఒక తప్పుడు గుర్తు పడటంకన్న అసలు గుర్తే లేకపోవడం మేలు. గుర్తు లేకపోతే ఎవరైనా అనుమానపడతారు.

యంత్రాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. 2022లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రప్రభుత్వం ఒంటరిగా ఉన్న ఎనిమిది వందల పైచిలుకు వృద్ధులకు ఎల్లీక్యూ అనే చిన్న మాటల యంత్రాన్ని ఇచ్చే పథకం ప్రకటించింది. బల్లమీద దీపంవలె కూర్చుని, తానే ముందుగా పలకరించి, మందు సంగతి గుర్తుచేయడం దాని పని. ఆ పలకరింపు ఆ వృద్ధులకు తమ ఇంటి భాషలోనే వినబడుతుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. మన దేశంలోనూ వైద్యుణ్ణి దూరాన్నుంచే చూపే ఈ-సంజీవని 2019లో వచ్చింది. 2023 ఏప్రిలులో మన రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టరు పథకం నెలకు రెండుమార్లు 104 బండిలో వైద్యుణ్ణి పల్లెకు పంపవలెనన్నది. మంచి సంకల్పాలే. కాని బండి ఎక్కలేని గట్లు, ఫోను అందని లోయలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎన్నో ఉన్నవి. రెండూ అందినచోట కూడా ముసలమ్మ చెప్పినది అర్థం కావలె గదా!

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి రాక మానరు. వ్యవహారభాషకోసం వారు చేసిన వాదాలను మనం ఏటేటా తలచుకుంటాము. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర తెలిసినవానిని ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించిన సంగతి అంతగా తలచుకోము. సవరకొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొని, దానికి వాడిన క్వినైనువల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఒక జాతి మాట వినడానికి వెళ్ళి చెవులే కోల్పోయినవారు!

ఆ తరువాత భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూబి అని కూడా పిలిచే ఈ కొండభాషకు వర్ణనాత్మక వ్యాకరణం వ్రాయగా అది 1969లో అచ్చయింది. కువి, కొండ, సవర మొదలైన భాషలలో పిల్లలకు తెలుగు లిపిలోనే వాచకాలు కూడా వచ్చినవి. అంటే యంత్రానికి నేర్పడానికి మనవద్ద సామగ్రి బొత్తిగా లేకపోలేదు. కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ 2025 సెప్టెంబరులో ఆదివాణి అనే అనువాదయంత్రాన్ని తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో అది ఆరంభమైంది. కుయి, గారో భాషలు తరువాతి వంతు అన్నారు. కుయికి తోబుట్టువైన కువి మన మన్యంలో వినబడే భాష. దానికీ, కొండభాషకూ వంతు ఎప్పుడో! వాటిని పలికేవారు తక్కువ, అందులోనూ వృద్ధులే ఎక్కువగా వాటిలో బతుకుతున్నారు. దీర్ఘవ్యాధులున్నవారు కూడా వారే.

అంతవరకు యంత్రానికి ఒక్క మాట నేర్పితే చాలునని నాకు తోస్తుంది: “నాకు అర్థం కాలేదు” అనే మాట. అర్థం కానప్పుడు మంచిదండీ అనక, ఊరిలోని ఆశా కార్యకర్తకు కబురు పంపితే అది ముసలివారికి నిజంగా తోడైనట్లే. ఎవరి ఇంట మందు అయిపోవచ్చినదో, ఎవరు ఆసుపత్రికి పోయి ఎన్నాళ్ళైనదో లెక్కగట్టి ఆమె చేతికిస్తే మరీ మంచిది. అట్టి లెక్కలు యంత్రం మనకన్న బాగా చేయగలదు.

నేను అక్కడ ఉండగానే ఆ కార్యకర్త వచ్చింది. ఆమెదీ అదే భాష. మందు వేసుకున్నావా అని ఆమె అడగలేదు. డబ్బా తెమ్మని, బిళ్ళలను చాటలో పోసి లెక్కపెట్టింది. వారం క్రిందట ముప్పై ఇచ్చారట. ఇరవై మూడు ఉండవలె. ఇరవై అయిదు ఉన్నవి. ముసలమ్మ కాసేపు ఆలోచించి, ఒకటి సంతనాడు తెల్లవారకముందే బయలుదేరి మరచినదని ఒప్పుకున్నది. రెండవదాని సంగతి అడిగితే తల వంచుకొని ఏదో గొణిగింది. కార్యకర్త దానికి ఏదో అన్నది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నా శిష్యుడు కూడా నవ్వాడు గాని, ఎంత అడిగినా ఆ మాట నాకు తెలుగు చేయలేదు.