పూర్ణహృదయం అంటే ఎంత?

లండన్ అనగానే ఇండియాలో ఉన్న మన చుట్టాలు బిగ్ బెన్ గురించి అడుగుతారు. మనది ఆ లండన్ కాదని, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్ అని, ఇక్కడ కూడా ఒక థేమ్స్ నది ఉందని ప్రతిసారీ చెప్పుకోవాలి. ఇవాళ్టి ప్రసంగానికి మాత్రం ఈ చిన్న లండనే కావాలి. ఎందుకంటే నేను చెప్పబోయే సంగతిలో సగం ఇక్కడికి అరగంట దూరంలో జరిగింది. మిగతా సగం కాకినాడలో జరిగింది.

విషయం ఏమిటంటే, క్రైస్తవ జీవితంలో దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించడం. తెలుగు బైబిలు చదివేవాళ్ళకి ఈ మాట బాగా అలవాటు. ప్రార్థనలో నోటికి అదే వచ్చేస్తుంది. అలవాటైన మాటతో వచ్చే చిక్కు ఏమిటంటే, దాని అర్థం ఏమిటని ఎవరూ అడగరు. క్రైస్తవులు కాని శ్రోతలకి కూడా ఈ భావం కొత్తేమీ కాదు. భాగవతాన్ని రాజుకి అంకితం ఇవ్వనన్న పోతన కథ మన ఇళ్ళల్లో చెప్పుకుంటూనే ఉంటాం. ఒకరికి ఇచ్చిన మనసుని మళ్ళీ పంచి ఇంకొకరికి ఇవ్వడం కుదరదని ఆ కథలో ఉన్న పట్టుదల.

ముందు మాట అర్థం చూద్దాం. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ ఇది. హృదయం, ఆత్మ, శక్తి, ఈ మూడూ పూర్తిగా పెట్టి దేవుణ్ణి ప్రేమించమని దాని సారాంశం. యూదులు ఇవాళ్టికీ రోజూ ఉదయం, సాయంత్రం దీన్ని వల్లిస్తారు. ఆజ్ఞలన్నిటిలో ఏది గొప్పది అని అడిగినప్పుడు యేసు చెప్పిన జవాబు కూడా ఇదే. మార్కు సువార్తలో దీనికి వివేకం కూడా చేరింది. అంటే బుద్ధిని బయట చెప్పులతో పాటు విడిచి గుడిలోకి రమ్మని ఎవరూ అనలేదన్నమాట.

ఇందులో రెండు మాటలు మన తెలుగు చెవికి కొంచెం తేడాగా వినిపిస్తాయి. మనకి హృదయం అంటే భావాలు ఉండే చోటు, కళ్ళు చెమర్చే చోటు. హీబ్రూలో హృదయానికి వాడిన మాట 'లేవ్'. ఆ భాషలో ఆలోచించేది, లెక్క వేసేది, నిర్ణయం తీసుకునేది కూడా ఈ లేవే. కాబట్టి పూర్ణహృదయం అంటే పాట పాడేటప్పుడు ఎంత కదిలిపోయాం అన్నది మాత్రమే కాదు, సోమవారం పొద్దున ఏం నిర్ణయించుకున్నాం అన్నది కూడా. రెండోది శక్తి. అక్కడున్న 'మెఓద్' అనే మాటకి దగ్గర అర్థం 'మిక్కిలి', 'ఎంతో' అని. ప్రాచీన కాలంలో దీన్ని అరామిక్ భాషలోకి తెచ్చిన యూదు పండితులు ఇక్కడ ఏకంగా 'నీ ఆస్తి' అని పెట్టారు. వాళ్ళకి మనుషుల సంగతి బాగా తెలుసు!

ఇక 'పూర్ణ' అనే మాట. దీన్ని మనం పరిమాణం అనుకుంటాం. ఎక్కువ ప్రార్థన, ఎక్కువ ఉపవాసం, ఎక్కువ కానుక. బైబిల్లో దీనికి ఎదురు మాట 'తక్కువ' కాదు, 'రెండు'. యాకోబు పత్రికలో ద్విమనస్కుడు అనే మాట ఉంది, రెండు మనసులవాడు అని. 86వ కీర్తనలో దావీదు కోరేది హృదయానికి ఏకదృష్టి. రెండవ దినవృత్తాంతాల్లో అమజ్యా అనే రాజు గురించి ఒక చిత్రమైన తీర్పు ఉంది. అతను చేసింది సరైనదేనట, కానీ పూర్ణహృదయంతో చెయ్యలేదట. అంతే, ఇంకో మాట లేదు. పనిలో తప్పు దొరకదు, మనిషి మాత్రం అక్కడ లేడు. ఆఫీసులో మీటింగుకి లాగిన్ అయి, కెమెరా ఆపేసి వేరే పని చూసుకునే మా ఐటీ వాళ్ళకి ఈ రాజు బాగా తెలిసినవాడిలాగే అనిపిస్తాడు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. లండన్ నుంచి టొరంటో వైపు 401 మీద వెళ్తుంటే ముందు ఇంగర్‌సోల్ వస్తుంది, తరవాత వుడ్‌స్టాక్. ఇంగర్‌సోల్ అంటే ఇక్కడివాళ్ళు 1866లో అక్కడ చేసిన ఏడు వేల పౌన్లకు పైబడిన చీజు ముద్ద గురించి చెబుతారు. ఆ మరుసటి ఏడాది, అంటే కెనడా ఒక దేశంగా ఏర్పడిన 1867లోనే, అక్టోబరులో ఆ ఊళ్ళో బాప్టిస్టుల మహాసభ జరిగింది. అక్కడ ఒక యువకుణ్ణి తెలుగువాళ్ళ మధ్య పనికోసం ప్రత్యేకించారు. అతని పేరు అమెరికస్ వెస్పూషియస్ టింపనీ. అవును, పేరు నిజంగా అదే, అమెరికాకి పేరునిచ్చిన నావికుడిది. ఈరీ సరస్సు దగ్గర వియన్నా అనే పల్లెలో 1840లో పుట్టి, వుడ్‌స్టాక్‌లో చదువుకున్నాడు. విశాఖపట్నం వాళ్ళకి టింపనీ స్కూలు తెలిసే ఉంటుంది. ఆ పేరు ఈయనదే.

అప్పటికి కెనడా బాప్టిస్టులకి సొంత మిషను లేదు. అందుకని టింపనీ అమెరికన్ బాప్టిస్టుల తరఫున నెల్లూరు వెళ్ళి, తరవాత రామాయపట్నంలో పనిచేశాడు. 1870లో అతని తోడల్లుడు జాన్ మెక్లారిన్ కూడా చేరాడు. కాకినాడలో మెక్లారిన్ హైస్కూలు ఎవరి పేరో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది.

ఈ ఇద్దరి పేర్లూ బడుల మీద నిలిచాయి. నాకు మాత్రం వీళ్ళకన్నా ముందు తలుచుకోవలసిన మనిషి ఒకరున్నారు. ఆయన తెలుగువాడు. పేరు థామస్ గాబ్రియేల్.

గాబ్రియేల్ కాకినాడలో తంతి శాఖలో ప్రభుత్వ ఉద్యోగి. ఆ రోజుల్లో తంతి అంటే ఏమిటో ఊహించుకోండి. ఉత్తరం రోజుల తరబడి ప్రయాణం చేసే కాలంలో తీగ మీద నిమిషాల్లో కబురు వెళ్ళడం. అప్పటి ఐటీ రంగం అదే. సర్కారు జీతం, పరువు, భద్రత. పందొమ్మిదో శతాబ్దంలో ఒక సామాన్య తెలుగు కుటుంబానికి అలాంటి కొలువు దొరకడం, ఈ రోజుల్లో మన పిల్లవాడికి హెచ్1 వీసానో కెనడా పీఆరో వచ్చినంత. గాబ్రియేల్ దాన్ని వదిలేశాడు, తనవాళ్ళకి సువార్త చెప్పాలని. ఆయన వెనక ఏ మిషను సొసైటీ లేదు. నెలనెలా డబ్బు పంపే విదేశీ సంఘం లేదు. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాడు, మనుషుల్ని కూడగట్టాడు. పని పెరిగింది. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పులయ్యాయి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. సాధారణంగా ఇలాంటి కథ చెప్పేటప్పుడు 'ఉద్యోగం వదిలేశాడు' దగ్గర చప్పట్లు కొట్టి ముగిస్తాం. అప్పుల మాట ఎత్తం. కానీ పూర్ణహృదయం ఉంటే ఖర్చు దానంతటదే సర్దుకుంటుందని బైబిలు ఎక్కడా చెప్పలేదు. కట్టబోయే గోపురానికి ముందు కూర్చుని లెక్క వేసుకొమ్మని యేసే చెప్పాడు. గాబ్రియేల్ లెక్క తప్పిందా అంటే, డబ్బు వరకూ తప్పిందనే నా అభిప్రాయం. తరవాత ఆయన చేసింది చూస్తే హృదయం సంగతి తెలుస్తుంది. తను మొదలుపెట్టిన ఈ పనిని మీరు తీసుకోండి అని కెనడా బాప్టిస్టులని కోరాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. 1874 మార్చిలో మెక్లారిన్ దంపతులు రామాయపట్నం నుంచి కాకినాడ వచ్చి బాధ్యత తీసుకున్నారు. కెనడియన్ బాప్టిస్టు మిషను తన పుట్టుకని ఆ రోజునుంచే లెక్కపెట్టుకుంటుంది. గాబ్రియేల్ ఏడాది కూడా తిరక్కుండా, 1875 జనవరి మొదట్లోనే చనిపోయాడు.

ఉద్యోగం వదలడం కష్టమే. కానీ తన పేరున నడుస్తున్న పనిని ఇంకొకరి చేతిలో పెట్టడం అంతకన్నా కష్టం. ఒక ఆలయ కమిటీలోనో, ఒక తెలుగు సంఘంలోనో, ఒక చర్చిలోనో పనిచేసినవాళ్ళకి ఈ మాట వివరించనక్కరలేదు. సేవ మొదలుపెట్టేటప్పుడు హృదయం ఒకటే ఉంటుంది. కొన్నాళ్ళకి రెండవుతుంది. సగం పని కోసం, సగం 'నా' పని కోసం. గాబ్రియేల్ మనసులో ఏముందో మనకి తెలీదు. ఆయన చేసిన పని మాత్రం ఆ రెండో సగాన్ని వదిలించుకున్నవాడు చేసేదే.

మనసులో ఏముందో తెలీదు అన్నాను కాబట్టి ఇంకొక సంగతి చెప్పాలి. ఎదుటివాడి హృదయం పూర్ణమో సగమో మనం తేల్చగలమా? ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకి ఈ ప్రశ్న నడివీధిలో ఎదురైంది. 1876 నుంచి 78 దాకా దక్షిణ భారతాన్ని పీడించిన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని ఇచ్చాడు. అక్కడ పనిచేసినవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా అన్నది అడిగేవాడికే తెలియని రోజులవి. సుమారు ఏడాది పైన బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పంచడం ముగిసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెని గొప్పగా చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అంతకు ముందు ఆయన ఆగిన నెలలు నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. తిండికోసం మతం మారారన్న విమర్శ ఇవాళ్టికీ వినబడుతుంది. దాని బరువు ఆనాడే గుర్తించిన మనిషి ఆయన.

సరే, ఇదంతా విన్న తరవాత మీలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. 'అయితే ఉద్యోగం మానెయ్యాలా బాబూ? ఇంటి మీద అప్పుంది, పిల్లల చదువులున్నాయి, ఇండియాలో అమ్మానాన్నల మందులున్నాయి.' న్యాయమైన ప్రశ్న. ఉద్యోగం మానినవాళ్ళే పూర్ణహృదయులైతే పౌలు కూడా లెక్కలోకి రాడు, ఆయన డేరాలు కుట్టుకుంటూ బతికాడు. లూదియ ఊదారంగు బట్టల వ్యాపారం చేసింది. దానియేలు ఒక పరాయి రాజు కొలువులో ముసలివాడయ్యేదాకా పనిచేశాడు.

మన ఒంటారియోలోనే ఇంకో ఉదాహరణ ఉంది. టింపనీ సెలవు మీద ఇక్కడికి వచ్చినప్పుడు చర్చిల్లో స్త్రీలని ప్రోత్సహించాడు. 1876లో ఒంటారియో, క్యూబెక్ బాప్టిస్టు స్త్రీల విదేశీ మిషను సంఘాలు ఏర్పడ్డాయి. వాళ్ళలో చాలామంది రైతు కుటుంబాల ఆడవాళ్ళు. ఓడ ఎక్కలేదు, కాకినాడ చూడలేదు. చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి పంపారు. తెలుగు ఆడపిల్లల బడులకీ, తరవాత ఆసుపత్రులకీ ఆ డబ్బు చేరింది. 1886లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఇసబెల్ హాచ్ రామచంద్రపురంలో కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రమం నడిపింది. వెళ్ళినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పంపినవాళ్ళవి చాలావరకు లేవు. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులని యేసు పెద్ద మొత్తాలకన్నా ఎక్కువగా లెక్కపెట్టడం ఇలాంటి సందర్భంలోనే అర్థమవుతుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. 'పూర్ణహృదయం' అనే మాటని ఇతరుల మీద కర్రలా వాడేవాళ్ళు ఉన్నారు. ఇంకా ఇవ్వండి, ఇంకా రండి, ఇంటి సంగతి దేవుడు చూసుకుంటాడు అని. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరా కథని ఇందుకోసం తెగ వాడతారు. ఆ కథని నిదానంగా చదవండి. పొలం అమ్మకముందు అది నీదే, అమ్మిన తరవాత డబ్బూ నీ చేతిలోదే కదా అని పేతురు స్పష్టంగా అంటాడు. అంతా ఇమ్మని వాళ్ళని ఎవరూ అడగలేదు. కొంత దాచుకుని, అంతా ఇచ్చామని చెప్పడం వాళ్ళ దోషం. సగం ఇచ్చి సగం ఇచ్చానని చెప్పుకుంటే అక్కడ గొడవే లేదు.

ఆ కాలపు మిషనరీలు చాలామంది తమ పిల్లల్ని చదువు కోసం స్వదేశంలో వదిలి ఏళ్ళ తరబడి దూరంగా ఉండేవారు. ఆ పిల్లలు ఏమనుకున్నారో ఎవరూ పెద్దగా అడగలేదు. పిల్లల్ని తాతమ్మల దగ్గర వదిలి ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు, వాళ్ళకి ఈ బాధ తెలుసు. దేవుడికి ఇచ్చేదీ, ఇంటికి చెందినదీ ఒకదాన్నొకటి తినేస్తుంటే అక్కడ ఆగి ఆలోచించడం భక్తి తక్కువై కాదు. యేసు చేర్చి చెప్పిన ఆ వివేకం ఉన్నది అందుకే.

టింపనీ 1878లో తిరిగి వెళ్ళి ఈసారి కాకినాడలోనే పనిచేశాడు. 1882లో మెక్లారిన్ సామర్లకోటలో తెలుగు బోధకుల కోసం సెమినరీ పెట్టాడు, అంటే గాబ్రియేల్ లాంటివాళ్ళు ఇకమీద ఒంటరిగా తిప్పలు పడక్కర్లేకుండా. 1885 ఫిబ్రవరిలో కాకినాడలో కలరా సోకి టింపనీ చనిపోయాడు. వయసు 44 ఏళ్ళు.

ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని ఇంగర్‌సోల్ చీజు మ్యూజియంకి వెళ్ళే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు, ఆ ఊరి నుంచి ఒకాయన నెల్లూరు వెళ్ళాడని, ఆయన తోడల్లుణ్ణి కాకినాడకి పిలిచింది ఒక తెలుగు తంతి ఉద్యోగి అని కూడా వాళ్ళకి చెప్పండి. ఈ వారానికి సెలవు.