మీకు తెలుసా? ధూపం సెంటులో పొగ ఎక్కడిది?

ఆకురాలే కాలంలో కొండల మీది చలిమంటను తలపించే సెంట్లు కొన్ని ఉన్నాయి. వాటి గుట్టు ఇదీ:

• బర్చ్ బెరడునో, మధ్యధరా ప్రాంతపు జునిపెర్ కట్టెనో గాలి సరిగా ఆడకుండా కాలిస్తే నల్లటి, చిక్కటి తారు కారుతుంది. దాన్ని శుద్ధి చేసి చుక్కల లెక్కన కలుపుతారు. మోతాదు కాస్త మించితే మిగతా వాసనలన్నీ దాని కింద అణగిపోతాయి.

• మన దేశంలోనూ ఈ విద్య ఉంది. గుగ్గిలాన్ని మట్టిపాత్రలో కాచి తీసే పొగవాసన నూనెను అత్తరువాళ్లు ‘చోయా రాల్’ అంటారు.

• పైన్ చెట్టు, మిరియాలు, ధూపపు బంక (బోస్వెల్లియా చెట్ల జిగురు): మూడింటిలోనూ ఆల్ఫా పైనీన్ అనే పదార్థం ఉంది. కొండగాలి, ఘాటు, ధూపం ఒకదానితో ఒకటి చక్కగా పొసగడానికి అదొక కారణం.

• పాత చర్చీల్లో గుప్పుమనే ధూపపు వాసనకు కీలకమైన రెండు ఆమ్లాలను ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2016లో గుర్తించారు. అవి ఆ బంకలో ఉండేది అతి స్వల్పం.

• ఆ బంకనిచ్చే బోస్వెల్లియా చెట్లకు తెలుగు నేల మీదా చుట్టముంది. తెలంగాణ, ఆంధ్ర పొడి అడవుల గుట్టల మీద పెరిగే అందుగు చెట్టు ఆ జాతిదే.