ఆఖరి ఓవర్‌ ఖరీదు రెండు కోట్లు!

ఉప్పల్‌ స్టేడియంలో రెండు ఐపీఎల్‌ ఫైనళ్లు ఒక్క పరుగు తేడాతో తేలాయి. ఆ రెండుసార్లూ ఆఖరి ఓవర్‌ వేసిన బౌలర్‌ని ముంబయి జట్టు వేలంలో కొన్నది రెండేసి కోట్లకే. అమెరికాలో కోట్లమంది ఆడే ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌లోనూ ఇదే తంతు. మ్యాచ్‌ని గెలిపించే ‘కిక్కర్‌’ని అందరికన్నా ఆఖర్న ఎంచుకుంటారు. ఎందుకలా?

2019 మే 12... ఆదివారం రాత్రి. ఉప్పల్‌ గ్యాలరీల్లో ఎటు చూసినా పసుపు చొక్కాలే. చెన్నై గెలవాలంటే ఆరు బంతుల్లో తొమ్మిది పరుగులు చాలు. క్రీజులో షేన్‌ వాట్సన్‌ ఉన్నాడు, అప్పటికే సిక్సర్ల మీద సిక్సర్లు కొట్టి మాంచి ఊపుమీదున్నాడు. ముంబయి కెప్టెన్‌ రోహిత్‌ శర్మ బంతిని లసిత్‌ మలింగ చేతికిచ్చాడు. చూస్తున్నవాళ్లలో సగంమంది ‘ఇదేం పని?’ అనుకునే ఉంటారు. ఎందుకంటే ఆ రాత్రి మలింగ మూడు ఓవర్లలో 42 పరుగులిచ్చాడు. అందులో 20 పరుగులు పదహారో ఓవర్‌ ఒక్కదాంట్లోనే!

ఒకటి... ఒకటి... రెండు. నాలుగో బంతికి లేని రెండో పరుగుకి పరిగెత్తి వాట్సన్‌ రనౌట్‌. అయిదో బంతికి రెండు. ఇక మిగిలింది ఒక్క బంతి, కావాల్సింది రెండు పరుగులు. మలింగ నెమ్మదిగా వదిలిన బంతి శార్దూల్‌ ఠాకూర్‌ ప్యాడ్‌కి తగిలింది. అంపైర్‌ వేలెత్తాడు. ముంబయి 149, చెన్నై 148.

కప్పు తెచ్చిన బంతి అది. మరి ఫ్యాంటసీ లీగ్‌లో దానికెన్ని పాయింట్లు?

లెక్క ఇలా...

ఫ్యాంటసీ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే- అసలు మ్యాచ్‌ మైదానంలో జరుగుతుంటే, మీరు ఇంట్లో కూర్చుని రెండు జట్లలోంచీ పదకొండుమందిని ఏరుకుని కాగితం మీద సొంత జట్టు కట్టుకుంటారు. ఒక్కో ఆటగాడికీ ఓ ధర ఉంటుంది. చేతిలో ఉన్నది వంద క్రెడిట్లు, అందులోనే సర్దుకోవాలి. వాళ్లు మైదానంలో చేసే పరుగులూ తీసే వికెట్లే మీ పాయింట్లు. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు.

మనదేశంలో బాగా వాడుకలోకొచ్చిన టీ20 లెక్క ప్రకారం పరుగుకి ఒక పాయింటు, వికెట్‌కి పాతిక. ఎల్బీడబ్ల్యూ లేదా బౌల్డ్‌ అయితే మరో ఎనిమిది. ఓవర్‌కి 12 పరుగుల పైన ఇస్తే ఆరు కోత. మలింగ మొత్తం నాలుగు ఓవర్లలో 49 పరుగులిచ్చి ఒక వికెట్‌ తీశాడు. అంటే అతని ఖాతాలో పడేవి ముప్పై అటూ ఇటూ. 80 పరుగులు చేసి ఓడిపోయిన వాట్సన్‌కేమో వంద దాటిపోతాయి! కప్పు గెలిపించినవాడికన్నా పోగొట్టుకున్నవాడు మూడింతలు ఘనుడన్నమాట.

ఇందులో మోసమేమీ లేదు. పాయింట్ల పట్టికకి గడియారం ఉండదు, అంతే. రెండో ఓవర్లో పడిన వికెట్టూ ఫైనల్‌ ఆఖరి బంతికి పడిన వికెట్టూ దానికి ఒకటే పాతిక.

కాలితో బతికేవాడు

ఈ చిక్కు మనకి కొత్త కావచ్చుగానీ అమెరికావాళ్లు దీనిమీద దశాబ్దాలుగా జుట్లు పట్టుకుంటున్నారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలితో తన్నే పని చాలా తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదంటే విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. అవతలి గీత దాటితే ‘టచ్‌డౌన్‌’, ఆరు పాయింట్లు. ఆ తర్వాత తన్నుడుకి ఇంకొకటి. గీత దాకా వెళ్లలేమనిపిస్తే కిక్కర్‌ని పిలుస్తారు. అతను బంతిని పద్దెనిమిదిన్నర అడుగుల ఎడంతో పాతిన రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే ‘ఫీల్డ్‌ గోల్‌’, మూడు పాయింట్లు.

మ్యాచ్‌ మూడు గంటలు సాగితే కిక్కర్‌ మైదానంలో ఉండేది కొద్ది నిమిషాలు. మిగతా సమయమంతా పక్కన నిలబడి వలలోకి బంతులు తన్నుకుంటూ ఉంటాడు. బంతి వెనక్కొచ్చి, ఒకడు దాన్ని నిలబెట్టి, ఇతను తన్నేసరికి సెకనున్నర కూడా పట్టదు. వందల కిలోల కండలు మీదకి దూకుతుంటే ఆ సెకనున్నరలో గురి కుదరాలి.

అలాగని చిన్నచూపు చూడ్డానికి లేదు. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్‌ చరిత్రలో అత్యధిక పాయింట్లు ఓ కిక్కర్‌వే. ఆడం వినాటియరీ... 24 సీజన్లలో 2,673. కిక్కర్లు కానివాళ్లలో అందరికన్నా ముందున్న జెర్రీ రైస్‌ పాయింట్లు 1,256... అందులో సగం కూడా లేవు. 1996లో ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో వినాటియరీని ఒక్క జట్టూ ఎంచుకోలేదు. అలాంటివాడు 2002 ఫిబ్రవరిలో జరిగిన సూపర్‌బౌల్‌లో సరిగ్గా ఆట ముగిసే క్షణాన 48 గజాల దూరంనుంచి తన్ని న్యూఇంగ్లండ్‌ జట్టుని 20-17తో గెలిపించాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ సూపర్‌బౌల్‌, నాలుగు సెకన్లుండగా మళ్లీ అతని కాలే!

ఉప్పు సూత్రం

మరి అంత గొప్పవాడిని ఫ్యాంటసీలో ఆఖర్న ఎందుకు తీసుకుంటారు? ఇక్కడే ఉంది కిటుకు.

ఇంటికి సరుకుల చీటీ రాసేటప్పుడు ఉప్పు ఎక్కడో చివర్న గుర్తొస్తుంది. ఉప్పు లేనిదే కూర లేదు. అయినా దానికోసం ఎవరూ పొద్దున్నే వెళ్లి దుకాణం ముందు నిలబడరు. ఏ కొట్లో అయినా దొరుకుతుంది, ఏ ప్యాకెట్‌ అయినా కాస్త ఇంచుమించుగా ఒకటే. కిక్కర్‌ సంగతీ అంతే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పుడు పది ఫీల్డ్‌ గోల్‌ ప్రయత్నాల్లో ఎనిమిదికి పైగా సఫలమవుతున్నాయి. మొదటి ర్యాంకు కిక్కర్‌కీ పదో ర్యాంకువాడికీ మధ్య వారానికి వచ్చే తేడా బహుస్వల్పం. అదే పరిగెత్తేవాళ్లలో మొదటివాడికీ పదోవాడికీ తేడా చాలా ఎక్కువ. అందుకే తెలివైనవాళ్లు ముందు వాళ్లని పట్టేసి, కిక్కర్‌ని ఆఖరి రౌండుకి వదిలేస్తారు.

ఇంకో ఇబ్బంది... కిక్కర్‌కి అవకాశం తనచేతిలో (కాలిలో!) ఉండదు. జట్టు మరీ బాగా ఆడితే టచ్‌డౌన్లే వస్తాయి, అతనికి ఒక్కో పాయింటే. మరీ చెత్తగా ఆడితే స్తంభాల దరిదాపులకే రాదు. బాగా ఆడుతూ సరిగ్గా చివర్లో తడబడితేనే అతనికి గిరాకీ. ఏ వారం ఎవరు తడబడతారో ముందే చెప్పగలిగే మొనగాడెవరు? ఈ గొడవంతా ఎందుకని కొన్ని లీగ్‌లు కిక్కర్‌ స్థానాన్నే ఎత్తేశాయి.

తమాషా ఏమిటంటే, ఈ ఆట పుట్టినప్పుడు పరిస్థితి తలకిందులుగా ఉండేది. ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌ని 1962లో ఊహించింది ఓక్లండ్‌ రైడర్స్‌ జట్టులో వాటాదారు బిల్‌ వింకెన్‌బాక్‌, ఆయన స్నేహితులూ. 1963లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైన పేరు జార్జ్‌ బ్లాండా. ఆయన క్వార్టర్‌బ్యాకే కాదు, కిక్కర్‌ కూడా! నలభయ్యెనిమిదేళ్ల వయసుదాకా ఆడాడాయన.

అన్నట్టు, అమెరికన్‌ ఫుట్‌బాల్‌కి మన ఊరూ పూర్తిగా దూరం కాదు. 2011లో ప్రకటించిన ‘ఎలైట్‌ ఫుట్‌బాల్‌ లీగ్‌ ఆఫ్‌ ఇండియా’లో ‘హైదరాబాద్‌ స్కైకింగ్స్‌’ అని ఓ జట్టు ఉండేది. ఆ ఆట ఇక్కడ వేళ్లూనలేదు. ఉప్పల్‌, నాచారం చుట్టుపక్కల ఆఖరి క్షణం అంటే ఆఖరి ఓవరే. ఫైనల్‌ రోజైనా లీగ్‌ మ్యాచ్‌ రోజైనా స్టేడియం వైపు వెళ్లే పెద్ద బండ్లను హబ్సిగూడ దగ్గరే తిప్పి నాచారం, చర్లపల్లి మీదుగా పంపేస్తారు. మ్యాచ్‌ ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసేవాళ్లలో క్రికెట్‌ అభిమానులే కాదు, నాచారం రోడ్డు మీద హారన్లు వింటూ కూర్చున్నవాళ్లూ ఉంటారు.

రెండుసార్లూ రెండే

మలింగ కథకి ముందు మరొకటుంది. 2017 మే 21, అదే ఉప్పల్‌. ముంబయి చేసింది 129 పరుగులే. పుణెకి ఆఖరి ఓవర్లో 11 కావాలి. బంతి మిచెల్‌ జాన్సన్‌ చేతిలో ఉంది. తొలి బంతికే మనోజ్‌ తివారీ ఫోర్‌ బాదాడు. రెండో బంతికి తివారీ, మూడో బంతికి అర్ధశతకం చేసిన కెప్టెన్‌ స్టీవ్‌ స్మిత్‌... ఇద్దరూ బౌండరీ దగ్గర క్యాచ్‌లిచ్చారు. స్మిత్‌ క్యాచ్‌ పట్టింది హైదరాబాద్‌ మైదానాల్లో పెరిగిన అంబటి రాయుడు. ఆఖరి బంతికి నాలుగు కావాల్సి ఉండగా రెండే వచ్చాయి. మళ్లీ ఒక్క పరుగే!

ధరలు చూడండి. ఆ ఏడాది వేలంలో జాన్సన్‌ని ముంబయి కొన్నది రెండు కోట్లకి. పుణె అదే వేలంలో బెన్‌ స్టోక్స్‌కి పెట్టింది పద్నాలుగున్నర కోట్లు. సీజన్‌లో స్టోక్స్‌ అదరగొట్టాడు, కాదనలేం. కానీ ఫైనల్‌ నాటికి ఇంగ్లండ్‌ విధుల కోసం వెళ్లిపోయాడు. ఇక మలింగ సంగతి మరీ విచిత్రం. 2018 వేలంలో అతన్ని ఎవరూ కొనలేదు. ముంబయే పిలిచి బౌలింగ్‌ మెంటర్‌ పని అప్పగించింది. ఆ ఏడాది డిసెంబరు వేలంలో మళ్లీ రెండు కోట్లకి తీసుకుంది. ఆ వేలంలోనే జైదేవ్‌ ఉనద్కత్‌ 8.4 కోట్లు పలికాడు.

పాయింట్లలో మాత్రం జాన్సన్‌, మలింగ ఒకటి కారు. జాన్సన్‌ 26 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు కాబట్టి ఎనభై పైనే వస్తాయి. చివరి ఓవర్లలో బ్యాట్స్‌మెన్‌ కళ్లు మూసుకుని కొడతారు, వికెట్లు చవగ్గా రాలతాయి. ఈ సంగతి పసిగట్టిన ఫ్యాంటసీ ఆటగాళ్లు అలాంటి బౌలర్లని వెతికి మరీ పెట్టుకుంటారు. అయితే వాళ్లు కొనేది వికెట్‌ని. మ్యాచ్‌ని కాపాడేదేమో చాలాసార్లు పరుగివ్వని బంతి. బ్యాట్స్‌మన్‌ కాలివేళ్ల మీద పడిన యార్కర్‌కి ఒక్క పరుగు వస్తే, ఎకానమీలో కాస్త మిగులు తప్ప బౌలర్‌కి దక్కేదేమీ లేదు. ఏ లెక్కకైనా ఇంతకన్నా సూక్ష్మం సాధ్యంకాదేమోగానీ, దాన్ని చూసి ఆటగాడి విలువ తేల్చేయడం మాత్రం అన్యాయమే.

ఈ లెక్కల మీద డబ్బు కాసే కాలం ఇప్పుడు లేదు. తెలంగాణ 2017లోనే గేమింగ్‌ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో పందెం ఆటల్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌ 2020లో అదే దారి పట్టింది. మలింగ ఆ బంతి వేసిన రాత్రి దేశంలో చాలాచోట్ల ఫోన్లలో పందేలు నడిచాయి, స్టేడియం పక్క సందులో ఉండేవాళ్లకి మాత్రం ఆ తలుపు మూసే ఉంది. 2025 ఆగస్టు 22న ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరకడంతో దేశమంతటా కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఇంట్లో పిల్లాడి ఫోన్‌ చూసి బెంగపడిన తల్లిదండ్రులకి అది పెద్ద ఊరట.

గురి తప్పితే?

ఉప్పల్‌ పిచ్‌ కూడా మారిపోయింది. 129, 149 పరుగుల ఫైనళ్లు జరిగిన చోట 2025 మార్చి 23న సన్‌రైజర్స్‌ రాజస్థాన్‌పై 286 కొట్టింది. నాలుగు ఓవర్లలో 76 పరుగులిచ్చిన జోఫ్రా ఆర్చర్‌ ఐపీఎల్‌లోనే అత్యంత ఖరీదైన స్పెల్‌ మూటగట్టుకున్నాడు. మూడువారాలు తిరక్కుండానే అదే మైదానంలో పంజాబ్‌పై సన్‌రైజర్స్‌ తరఫున మహ్మద్‌ షమి 75 ఇచ్చుకున్నాడు. ఇలాంటి రాత్రుల్లో ఆఖరి ఓవర్‌ వేయమంటే ముందుకొచ్చేవాడికి రెండు కోట్లు ఎక్కువా తక్కువా అన్నది వేలంలో కూర్చునేవాళ్లే చెప్పాలి.

ఎందుకంటే ఈ పనిలో విఫలమైతే మిగిలేది అదొక్కటే. 1991 జనవరి 27న సూపర్‌బౌల్‌లో బఫెలో జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఎనిమిది సెకన్లున్నాయి. కిక్కర్‌ స్కాట్‌ నార్‌వుడ్‌ 47 గజాల నుంచి తన్నిన బంతి కుడి స్తంభం పక్కనుంచి బయటికి వెళ్లిపోయింది. 20-19తో న్యూయార్క్‌ గెలిచింది. మర్నాడు బఫెలో నడిబొడ్డున వేలమంది పోగై అతని పేరే పిలిచారు... తిట్టడానికి కాదు, ‘స్కాట్‌ కావాలి’ అంటూ. మైకు ముందుకొచ్చిన నార్‌వుడ్‌కి గొంతు పట్టేసింది.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి బఫెలో మళ్లీ సూపర్‌బౌల్‌ గుమ్మంలో నిలిచింది. 1992 జనవరిలో డెన్వర్‌తో మ్యాచ్‌. బఫెలో 10-7తో గట్టెక్కింది. మూడు పాయింట్ల తేడా... నాలుగో క్వార్టర్లో 44 గజాల నుంచి ఆ మూడు పాయింట్లూ తెచ్చింది నార్‌వుడ్‌ కాలే. ఫ్యాంటసీ లెక్కలో దానికి నాలుగు.