దీవి నుంచి దీవికి

భారతదేశానికి ఇరువైపులా సముద్రంలో రెండు ద్వీపసమూహాలు ఉన్నాయి. పడమట అరేబియా సముద్రంలో లక్షదీవులు, తూర్పున బంగాళాఖాతంలో అండమాన్ నికోబార్ దీవులు. లక్షదీవులకు ఉన్న ఒకే ఒక విమానాశ్రయం అగత్తి దీవిలో ఉంది. దానిని 1988లో ప్రారంభించారు. అండమాన్ దీవుల విమానాశ్రయం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత? ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది?

ముందుగా దూరం సంగతి. రెండు చోట్లూ దాదాపు 11 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. వాటి రేఖాంశాల మధ్య తేడా సుమారు 20½ డిగ్రీలు. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశానికి 111 కిలోమీటర్ల దూరం ఉంటుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఇది తగ్గుతుంది. 11 డిగ్రీల దగ్గర అది 109 కిలోమీటర్లు. ఈ లెక్కన రెండు దీవుల మధ్య దూరం సుమారు 2,240 కిలోమీటర్లు అవుతుంది. గ్లోబు మీద ఈ రెండు చోట్లనూ కలుపుతూ దారాన్ని బిగించి పట్టుకుంటే, ఆ దారమే అతి దగ్గరి దారి.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానం ఈ దూరాన్ని మూడు గంటల లోపే దాటగలదు. కాని అగత్తి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా పోయే విమానం లేదు. అగత్తి సన్నని పగడపు దీవి. అక్కడి రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లే. దాని రెండు కొసలకు ఆవల సముద్రమే. పెద్ద జెట్ విమానాలు దిగడానికి ఆ పొడవు చాలదు. అందువల్ల గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న ప్రొపెల్లర్ విమానాలు మాత్రమే అక్కడికి వస్తాయి.

కనుక ప్రయాణికుడు మజిలీలు చేసుకుంటూ పోవాలి. కొచ్చి మీదుగా వెళ్తే అగత్తి నుంచి కొచ్చికి సుమారు 460 కిలోమీటర్లు, గంటన్నర. కొచ్చి నుంచి చెన్నైకి 520 కిలోమీటర్లు, గంటంబావు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 1,370 కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. మొత్తం దూరం 2,350 కిలోమీటర్లు. అంటే నేరుగా పోయే దారి కంటే ఎక్కువైనది 110 కిలోమీటర్లే! కాని గాలిలో గడిచే కాలమే ఐదు గంటలైంది. దీనికి విమానాశ్రయాలలో వేచి ఉండే కాలం తోడవుతుంది. ఒక విమానం ఆలస్యమై తరువాతి విమానం తప్పిపోతే, ఆ రాత్రి చెన్నైలోనే గడపవలసి రావచ్చు.

పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడు అగత్తి కంటే సుమారు 80 నిమిషాలు ముందుగా ఉదయిస్తాడు. అయినా దేశమంతటా గడియారం ఒక్కటే కాబట్టి, ప్రయాణకాలం లెక్కకట్టేటప్పుడు ఈ తేడాను కలపనక్కరలేదు.

దీవులలో నివసించేవారికి ఈ లెక్క వినోదం కోసం కాదు. కొచ్చి నుంచి లక్షదీవులకు ఓడలో 14 నుంచి 20 గంటలు పడుతుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండు మూడు రోజులు. పెద్ద వైద్యం అవసరమైన రోగులను లక్షదీవుల నుంచి హెలికాప్టర్‌లో కొచ్చికి తరలిస్తారు. వాతావరణం బాగా లేకపోతే అదీ ఆగిపోతుంది. అటువంటి వేళ కొచ్చి ఎన్ని కిలోమీటర్లలో ఉందన్నది కాక, ఎన్ని గంటల్లో చేరగలమన్నదే ముఖ్యం.