చేతులకు పని, చెవులకు పాఠం

ఉత్తర కేరళలోని కణ్ణూరు, తలశ్శేరి ప్రాంతాల బీడీ షెడ్లలో 1930వ దశకం నుండి ఒక ఆచారం ఉండేది. ఒడిలో చాట పెట్టుకొని వరుసలుగా కూర్చున్న కార్మికులలో ఒకరు మాత్రం బీడీ చుట్టరు. ఆయన చేతిలో కత్తెరకు బదులు వార్తాపత్రిక ఉంటుంది. ఆయన గొంతెత్తి చదువుతూ ఉంటే మిగిలినవారు వింటూ పని చేసుకుంటారు. మరి చదివినంతసేపూ ఆయన పోగొట్టుకొన్న కూలి మాటేమిటి? తక్కినవారు తలా కొన్ని బీడీలు అదనంగా చుట్టి ఆయన లెక్కలో వేస్తారు. సాయంత్రం కూలి అందుకొనే వేళకు చదివిన మనిషికీ, చుట్టిన మనిషికీ తేడా ఉండదు.

ఇందులో యజమాని ఔదార్యం ఏమీ లేదు. ప్రభుత్వ పథకమూ కాదు. బడికి పోవలసిన వయసులోనే పొగాకు చాట ముందు కూర్చున్నవారు తమ చదువుకు తామే జీతం కట్టుకొన్న తీరు ఇది. ఆ జీతాన్ని వారు బీడీలలో చెల్లించారు.

ఈ ఏర్పాటు మరే పరిశ్రమలోనో కాక బీడీ పనిలోనే వేళ్ళూనడానికి కారణం లేకపోలేదు. తడిపిన తునికాకును రేకు అచ్చు ప్రకారం కత్తిరించడం, చిటికెడు పొగాకు పరచి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం - పని మొత్తం ఇంతే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేయి తిరిగిన పనివానికి కంటితో కూడా అట్టే పని ఉండదు. వేళ్ళే అంతా చూసుకొంటాయి. మగ్గాల మిల్లులో పక్కమనిషి కేక వేసినా వినిపించదు. బీడీ షెడ్డులోనో, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. యంత్రం లేని ఆ నిశ్శబ్దమే వారికి దొరికిన ఆస్తి.

ఆ ఆస్తిని గుర్తించినవారు కణ్ణూరు కార్మికులు మాత్రమే కారు. సముద్రాల ఆవల క్యూబాలో, హవానా నగరంలోని చుట్టల ఫ్యాక్టరీలలో 1865లోనే ఇట్టి పఠనం మొదలైంది. అక్కడ చదివేవారికి ప్రత్యేకంగా ఎత్తైన పీఠం ఉండేది. జీతం కార్మికులే పోగుచేసి ఇచ్చేవారు. ఏ నవల చదవాలో ఓట్లు వేసి నిర్ణయించేవారు. మరుసటి ఏడే స్పెయిన్ పాలకులు దానిని నిషేధించారు. చుట్టలు చుట్టేవాడు నవల వింటే సామ్రాజ్యానికి వచ్చే ముప్పేమిటో వారికి బాగానే తెలుసుననుకోవాలి. నిషేధాలు వచ్చాయి, పోయాయి; చదువరి మాత్రం నిలిచాడు. క్యూబా నుండి వలసపోయిన కార్మికులు ఆ అలవాటును అమెరికాలోని టాంపా నగరానికి తీసుకొనిపోగా, 1931లో అక్కడి యజమానులు చదువరులను తొలగించారు. ఆ పీఠాల స్థానంలోకి రేడియోలు వచ్చాయి. న్యూయార్కు చుట్టల దుకాణాలలోనూ కార్మికులు తమలో ఒకరిని చదవడానికి నియమించి, అతని వంతు చుట్టలు తామే చుట్టి ఇచ్చేవారని శామ్యూల్ గోంపర్స్ తన ఆత్మకథలో వ్రాశాడు. అమెరికన్ కార్మిక సమాఖ్యకు తొలి అధ్యక్షుడైన గోంపర్స్ బాల్యం నుండి చుట్టలు చుట్టినవాడే. న్యూయార్కుకూ కణ్ణూరుకూ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలేవీ నడవలేదు. ఒకే విధమైన పని ఒకే విధమైన ఉపాయాన్ని రెండుచోట్లా పుట్టించింది.

కణ్ణూరు షెడ్డులో సాధారణంగా ఉదయం పత్రిక, మధ్యాహ్నం కథో నవలో సాగేది. చదవడం ముగిసిందంటే వాదన మొదలయ్యేది. వార్త నిజమా, సంపాదకుని వాదం సరైనదా, ఫలానా పాత్ర అట్లా ప్రవర్తించవచ్చునా అన్న ప్రశ్నలు చాట నుండి చాటకు పాకేవి. అక్షరం రానివాడు సైతం పత్రికలోని విషయాన్ని తర్కించగలిగేవాడు. మలబారులో కార్మిక సంఘాలు పాదుకొన్న తొలినాళ్ళలో బీడీ కార్మికులు ముందు వరుసలో నిలవడానికీ, పి. కృష్ణ పిళ్ళ, ఎ.కె. గోపాలన్ వంటి నాయకుల మాట అక్కడ అంత వేగంగా నాటుకోవడానికీ ఈ వినికిడి చదువు దోహదం చేసింది. సంపాదకుణ్ణి ప్రశ్నించడం నేర్చినవాడు కూలి లెక్కలో కోతను ప్రశ్నించకుండా ఉంటాడా?

తెలుగునాట గ్రంథాలయోద్యమం ఎరిగినవారికి 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద నడిపిన పడవ గ్రంథాలయం గుర్తుకు రావచ్చు. అక్కడ పుస్తకం పాఠకుని వెదుక్కొంటూ నీటి మీద వెళ్ళింది. కణ్ణూరులో అది పాఠకుని పని మధ్యలోకే వచ్చి కూర్చుంది.

షెడ్డు మూతపడిన తరువాత

ఈ చదువుకు అసలు పరీక్ష 1968లో వచ్చింది. బీడీ, చుట్టల కార్మికుల ఉద్యోగ పరిస్థితులను క్రమబద్ధం చేస్తూ పార్లమెంటు 1966లో ఒక చట్టం చేసింది. పనిచేసే చోటికి లైసెన్సు ఉండాలి. రోజుకు 9 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదు. వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. కేరళ ప్రభుత్వం దీనిని అమలుకు పెట్టగానే, మంగుళూరు కేంద్రంగా వ్యాపారం చేసే పెద్ద యాజమాన్యాలు ఈ ఖర్చు భరించలేమంటూ కణ్ణూరు ప్రాంతంలోని షెడ్లను మూసివేశాయి. ఉన్నపళంగా 12,000 మంది వీధిన పడ్డారు.

ఇట్టి సందర్భాలలో కొన్నాళ్ళ ఊరేగింపులు, పిమ్మట రాజీ, లేదా ఆకలి అన్నది మన దేశంలో పరిపాటి. ఇక్కడ మరొకటి జరిగింది. 1969 ఫిబ్రవరిలో, రాష్ట్ర ప్రభుత్వం వాటాధనానికి అప్పు ఇచ్చి తోడ్పడగా, కార్మికులే యజమానులుగా కేరళ దినేశ్ బీడీ సహకార సంఘం ఏర్పడింది. సుమారు 3,000 మందితో మొదలై, ఒక దశలో 30,000 మందికి పైగా పని కల్పించింది. ప్రాథమిక సంఘాలకు పాలకవర్గాలను కార్మికులు ఎన్నుకొనేవారు. జి.కె. పణిక్కర్ దీర్ఘకాలం కేంద్ర సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నారు. ఏ చట్టాన్ని భరించలేమని ప్రైవేటు యాజమాన్యాలు చేతులెత్తేశాయో, ఆ చట్టం చెప్పిన సదుపాయాలన్నీ ఇస్తూనే ఈ సంఘం వ్యాపారం చేసి చూపింది. క్రమంగా స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరారు. పని కేంద్రాలలో పఠనం యథాప్రకారం సాగింది. ఇప్పుడు దానిని ఎవరూ యజమాని కన్నుగప్పి చేయనక్కరలేదు.

పన్నెండువేలమంది పనిలేనివారు కంపెనీకి యజమానులు కావడానికి ప్రభుత్వ అప్పు అవసరమే. కాని అప్పు ఒక్కటే చాలదు. ఆదాయ వ్యయ పట్టిక చదివినప్పుడు విని అర్థం చేసుకోవడం, నచ్చని తీర్మానంపై లేచి మాట్లాడడం, ఓడినా కూర్చోవడం - ఇవన్నీ ఒక్క రోజులో వచ్చేవి కావు. ముప్పయ్యేళ్ళుగా షెడ్డులో జరిగిన సాధన ఇదే. దేశంలో ఎన్నో సహకార సంఘాలు ప్రభుత్వ ధనంతో పుట్టి కాగితాల మీదే కన్నుమూయగా, ఇది దశాబ్దాలు నిలవడానికి కారణం వెదికేవారు ఆ చాటల మధ్య కూడా వెదకాలి.

బీడీకి జోహారులు అర్పించవలసిన పని మాత్రం లేదు. చుట్టేవారి ఊపిరితిత్తులకు పొగాకు ధూళి, కాల్చేవారికి అంతకంటె ఘోరమైన జబ్బులు - ఆ సరుకు స్వభావమే అంత. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని నిషేధించింది. గిరాకీ తగ్గింది. దినేశ్ సంఘం అప్పటికే మసాలా పొడులు, కొబ్బరిపాలు, పచ్చళ్ళు, గొడుగులు, దుస్తుల వైపు మళ్ళడం ఆరంభించింది. బీడీ చుట్టే కేంద్రాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతూ వచ్చాయి. ఆ పనిని వదిలి మరో పనికి మారగలగడం కూడా సభ్యులు కూర్చుని మాట్లాడుకోగలిగినందువల్లనే సాధ్యమయింది.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు

కణ్ణూరు కథ దేశమంతటా జరగలేదు. అనేక రాష్ట్రాలలో 1966 చట్టానికి యజమానులు కనిపెట్టిన విరుగుడు చాలా సులువైనది: షెడ్డు ఎత్తివేసి, పనిని ఇళ్ళకు పంపడం. గుత్తేదారు ఆకు, పొగాకు తూచి ఇస్తాడు. ఆడవాళ్ళు ఇంట్లో చుట్టి, కట్టలు కట్టి తెచ్చి అప్పగిస్తారు. కప్పు లేదు కనుక కార్ఖానా లేదు, కార్ఖానా లేదు కనుక కార్మికురాలు లేదు అన్నది వారి వాదన. 1974లో సుప్రీంకోర్టు ఈ వాదాన్ని త్రోసిపుచ్చి, ఇంట్లో చుట్టే మనిషి కూడా చట్టం దృష్టిలో కార్మికురాలేనని తేల్చింది. భవిష్యనిధి విషయంలోనూ 1985లో అదే మాట చెప్పింది.

న్యాయస్థానం హక్కును కాపాడింది. కాని షెడ్డుతోపాటు పోయిన బడిని ఏ న్యాయస్థానం తిరిగి తెరవగలదు? ఇంటి వసారాలో ఒంటరిగా కూర్చున్న ఇల్లాలికి చదివి వినిపించేదెవరు? ఒకవైపు పొయ్యి మీద అన్నం, మరోవైపు పసిబిడ్డ, మధ్యలో చాట. ఇరుగమ్మకు కట్టకు ఎంత ముడుతున్నదో పొరుగమ్మకు తెలియదు. ఆకు నాసిగా వచ్చిందని, బీడీలు బాగులేవని గుత్తేదారు తీసివేసిన లెక్క సరైనదో కాదో పోల్చిచూడడానికి రెండో మనిషి లేదు.

కార్మిక విద్యకు ప్రభుత్వం వైపు నుండి ప్రయత్నం జరగలేదని కాదు. 1958లో నాగపూరు కేంద్రంగా కార్మిక విద్యా మండలి ఏర్పడింది. కార్మికులలో కొందరిని ఎంచి, శిక్షణ ఇచ్చి, తిరిగి తమ ఫ్యాక్టరీలోనే తోటివారికి పాఠం చెప్పేటట్లు చేయడం దాని పద్ధతి. మంచి పద్ధతే. అయితే అది ఫ్యాక్టరీ ఉన్నవారి కోసం రూపొందింది. గ్రామీణ కార్మికులవైపు మండలి చూపు మళ్ళింది 1970వ దశకం చివరిలోనే.

షోలాపూరులో తెలుగు గొంతులు

తెలంగాణా జిల్లాల నుండి తరతరాలుగా మహారాష్ట్రలోని షోలాపూరుకు వలసపోయిన పద్మశాలీల ఇళ్ళలో నేటికీ తెలుగే మాట్లాడతారు. మగవారు మిల్లులలోను, మరమగ్గాలపైన పనిచేస్తే, స్త్రీలు బీడీలు చుట్టారు. మిల్లులు మూతపడిన తరువాత ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ఆ బీడీయే. ఈ స్త్రీలు కలుసుకొనే చోటు ఒక్కటే: ఆకు తీసుకోవడానికి, చుట్టిన బీడీలు అప్పగించడానికి కంపెనీ కార్యాలయం ముందు బారులు తీరే వరుస. షెడ్డు లేనివారికి ఆ వరుసే షెడ్డు అయింది.

ఇళ్ళు కావాలన్న కోరిక వారిది. ఇరుకు గదులలో పొగాకు నడుమ పిల్లలను పెంచేవారికి అది సహజమైన కోరికే. ఆడం మాస్టర్‌గా అందరూ పిలిచే కార్మిక నాయకుడు, మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వాన వారు ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీశారు. అంతకంటె ముఖ్యంగా, సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకొన్నారు. ఆదివాసుల పోరాట నాయకురాలు గోదావరి పరులేకర్ పేరిట షోలాపూరు శివార్లలోని కుంభారి వద్ద 10,000 ఇళ్ళ కాలనీ లేచింది. ఒక్కొక్క ఇంటికి కార్మికురాలు 20,000 రూపాయలు, కేంద్రం 20,000, రాష్ట్రం 20,000 భరించే ఏర్పాటు. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ దానిని ప్రారంభించారు. బీడీ చుట్టే స్త్రీయే ఇంటి యజమానురాలు. దాని వెనుకనే అసంఘటిత కార్మికుల కోసం 30,000 ఇళ్ళతో రేనగర్ పథకం వచ్చింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. ఇంటి కోసం అడిగిన గొంతులు మాత్రం అవే.

వేల కుటుంబాల వాటా సొమ్ముతో భూమి కొని, అనుమతులు తెచ్చి, బ్యాంకు అప్పు కట్టి ఇళ్ళు నిలబెట్టడమంటే మాటలు కాదు. వాయిదా అంటే ఏమిటి, రసీదు ఎందుకు దాచుకోవాలి, సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తితే ఏమవుతుంది అన్న పాఠాలు ఏ తరగతి గదిలోనూ ఇంత శ్రద్ధగా వినిపించి ఉండవు. వినేవారి ఇల్లు ఆ పాఠం మీద ఆధారపడి ఉంది మరి.

ఆ కుటుంబాలు వదలివచ్చిన తెలంగాణాలోనూ నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో లక్షలాది స్త్రీలకు బీడీయే జీవనాధారం. రాష్ట్రం ఏర్పడిన తరువాత బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి వచ్చింది. 2019లో అది 2,016 రూపాయలు అయింది. అయితే భృతి దక్కాలంటే భవిష్యనిధి ఖాతా ఉండాలి. అంటే, గుత్తేదారు తన పేరును లెక్కపుస్తకంలో ఎక్కించాడో, ఇంట్లో మరొకరి పేరుతో సరిపెట్టాడో ఆమెకు ముందుగానే తెలిసి ఉండాలి. పిల్లల చదువుకు కేంద్ర ప్రభుత్వమిచ్చే ఉపకారవేతనానికీ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డే ఆధారం. 1976 నాటి సంక్షేమనిధికి బీడీలపై వేసే సుంకం 2017లో రద్దయింది. ఉపకారవేతనాలు బడ్జెటు నిధులతో కొనసాగుతున్నాయి. ఆ దరఖాస్తు ఇప్పుడు కంప్యూటరులో నింపాలి. కార్డు మీద తల్లి పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉంటే పని ఆగిపోతుంది. తల్లి చాట ముందు నుండి లేవకుండానే వింటూ ఉండగా, రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసేది చాలా ఇళ్ళలో బడికి పోయే కూతురే.