ముందు చక్రములు ఎటు చూచుచున్నవి?

కొన్ని కార్లలో ముందు టైర్ల నడిమి భాగము ఇంకను బాగుండగానే, ఒక అంచు మాత్రము నున్నగా అరిగిపోవును. టైరు నాసిరకమని యజమాని తలచును. కాని పెక్కు సందర్భములలో దోషము టైరులో లేదు, చక్రము చూచు దిక్కులో ఉన్నది. ఆ దిక్కును ఒక చెక్కబద్దతోను, రెండు మేకులతోను పాఠశాల ఆవరణలోనే కొలువవచ్చును.

కారును పైనుండి చూచుచున్నట్లు ఊహింపుడు. ముందు చక్రములు రెండును సమాంతరముగా ఉన్నచో, వాటి ముందు అంచుల మధ్య దూరమును, వెనుక అంచుల మధ్య దూరమును సమానముగా ఉండును. ముందు దూరము తక్కువైనచో చక్రములు లోపలికి చూచుచున్నవని అర్థము. దీనిని మెకానిక్కులు 'టో ఇన్' అందురు. ముందు దూరము ఎక్కువైనచో అది 'టో ఔట్'.

వెనుక చక్రములకు ఇంజను బలము అందు కార్లలో, నేల ప్రతిఘటన వలన ముందు చక్రములు కొంచెము బయటికి విచ్చుకొనును. అందుచేత కారు నిలిచియున్నప్పుడు వాటిని కొంచెము లోపలికి ఉంచుదురు. ముందు చక్రములకే బలము అందు కార్లలో ఈ ప్రభావము తారుమారు కావచ్చును. కనుక కొన్నిటికి సున్నయు, కొన్నిటికి కొలదిపాటి టో ఔటును నిర్ణయింతురు. ఏ కారునకు ఎంత ఉండవలెనో తయారీదారు ఇచ్చిన పుస్తకములో చూడవలెను.

ఈ తేడా మిల్లీమీటర్లలో ఉండును. అంత స్వల్పమైన దానివలన టైరు అరుగునా? లెక్క వేసి చూతము. టైరుపై 155/80 ఆర్ 13 అని ఉన్నదనుకొందము. వెడల్పు 155 మిల్లీమీటర్లు. టైరు ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 80 వంతులు, అనగా 124 మిల్లీమీటర్లు. రిమ్ము వ్యాసము 13 అంగుళములు, అనగా 330 మిల్లీమీటర్లు. కనుక టైరు మొత్తము వ్యాసము 330 + 124 + 124 = 578 మిల్లీమీటర్లు. ముందు, వెనుక దూరముల తేడా 12 మిల్లీమీటర్లు ఉన్నచో, ఒక్కొక్క చక్రము వంతు 6 మిల్లీమీటర్లు. 6ను 578చే భాగించిన 0.0104 వచ్చును. అనగా కారు 1000 మీటర్లు పోవునప్పటికి ఒక్కొక్క టైరు సుమారు 10 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినంత రాపిడికి గురియగును! తేడా 3 మిల్లీమీటర్లే ఐనచో ఈ ఈడ్పు రెండున్నర మీటర్లు మాత్రమే.

పరికరము

వంకర లేని చెక్కబద్ద ఒకటి, కారు వెడల్పుకంటె కొంచెము పొడవైనది, తీసికొనుడు. దానిపై రెండు సన్నని నిలువు చెక్కలు అమర్చవలెను. ఒకదానిని మరలతో బిగించి, రెండవదానిని బద్దపై జరుపుటకు వీలుగా క్లాంపుతో పట్టించుడు. బద్దను నేలపై పెట్టినప్పుడు, చక్రపు ఇరుసు ఎంత ఎత్తున ఉన్నదో సరిగా అంత ఎత్తున ప్రతి నిలువు చెక్కకును ఒక మేకు దిగగొట్టుడు. మేకుల మొనలు రెండును ఒకే వైపునకు ఉండవలెను. దూరమును ఇరుసు ఎత్తుననే కొలువవలెను. కాని అక్కడ ఇంజను మొదలైనవి అడ్డుండుటచే టేపును సాగదీయుటకు వీలు కాదు. బద్ద కారు క్రిందుగా పోవుటచే ఆ చిక్కు తొలగును.

కొలుచు విధము

మట్టముగా ఉన్న నేలపై కారును నిలిపి, టైర్లలో గాలి సమముగా నింపి, స్టీరింగును తిన్నగా ఉంచుడు. జాకీ ఎత్తరాదు, బరువు చక్రములపైననే ఉండవలెను. కారును చేతులతో రెండు మూడు మీటర్లు ముందునకు నెట్టి ఆపి, వెనుక చక్రములకు ముందు వెనుకల ఇటుకలు పెట్టుడు. ఇప్పుడు ముందు టైర్ల వెనుక వైపున, ఇరుసు ఎత్తున, సుద్ద రాచి సూదితో ఒక్కొక్క సన్నని నిలువు గీత గీయుడు. బద్దను టైర్ల వెనుకగా పెట్టి, మేకుల మొనలు ఆ గీతలకు సరిగా తగులునట్లు క్లాంపును బిగించుడు.

తరువాత బద్దను, ఇటుకలను తీసి, కారును చక్రము సగము చుట్టు తిరుగువరకు ముందునకు నెట్టుడు. పై టైరునకు ఇది సుమారు 91 సెంటీమీటర్లు. అవే గీతలు ఇప్పుడు ముందు వైపునకు వచ్చును. కారు ఎక్కువ దూరము పోయినచో వెనుకకు లాగరాదు. కీళ్లలోని వదులు తారుమారై కొలత మారును. మొదటినుండి తిరిగి చేయవలెను. మరల ఇటుకలు పెట్టి, బద్దను త్రిప్పి టైర్ల ముందు పెట్టుడు. ఒక మొనను ఒక గీతకు తాకించి, రెండవ మొనకును రెండవ గీతకును గల ఎడమును స్కేలుతో చదువుడు. గీత మొనకు లోపలగా ఉన్నచో టో ఇన్. బయటగా ఉన్నచో టో ఔట్.

చక్రమును త్రిప్పకుండ ముందొకచోట, వెనుకొకచోట కొలిచిన చాలదా? చాలదు. రిమ్ము 2 మిల్లీమీటర్లు వంగియున్నను అది టో వలె కనబడును. రెండు మార్లును అదే గీతను కొలిచినందున ఆ వంకర రెండు కొలతలలోను సమానముగా చేరి, తీసివేతలో పోవును. తాపీ మేస్త్రి రసమట్టమును త్రిప్పి పెట్టి మరల చూచుటలోని సూత్రము ఇదియే. అంతేకాదు, చక్రముల మధ్య దూరమెంతో మనము కొలువనే లేదు. తేడాను మాత్రమే చదివితిమి. కనుక ఖరీదైన పరికరము అక్కరలేదు. స్కేలుపై అర మిల్లీమీటరు పొరబడినను కోణములో దోషము డిగ్రీలో ఇరువదవ వంతే.

కొలతను మూడుసార్లు తీయుడు. మూడును వేర్వేరుగా వచ్చినచో స్టీరింగు కీళ్లు అరిగియుండవచ్చును. అప్పుడు టో సవరించుట నిష్ప్రయోజనము, ముందు కీళ్లను చూపించవలెను. ఈ బద్ద రెండు చక్రముల మొత్తమునే తెలుపును; ఏ చక్రము వంతు ఎంతయో, చక్రము పైనుండి క్రిందికి ఎంత ఒరిగియున్నదో తెలుపజాలదు. సవరణ పనిని నేర్పరియైన మెకానిక్కునకే విడువవలెను. కాని అతని వద్దకు పోవునప్పుడును, తిరిగి వచ్చిన తరువాతను మన చేతిలో ఒక అంకె ఉండును.

విద్యార్థులు తమ బడి బస్సు టైరుపైగల అంకెలను వ్రాసికొని, 3 మిల్లీమీటర్ల టో అక్కడ ఎంత కోణమగునో లెక్కింపవచ్చును. టైరు పెద్దదైన కొలది అదే తేడాకు కోణము తగ్గునో, పెరుగునో ముందుగా ఊహించి, పిమ్మట లెక్కతో సరిచూచుకొనుడు.