రూన్‌స్కేప్ కొత్తగా మొదలుపెట్టారా? లెవెల్స్ తర్వాత పెంచుకోవచ్చు.. ముందు ఈ మోసాలు తెలుసుకోండి!

ఫోన్‌లో గేమ్ ఇన్‌స్టాల్ చేశారు. క్యారెక్టర్‌కు పేరు పెట్టారు, గడ్డం పెట్టారు, చొక్కా రంగు మార్చారు. రెండో రోజే ఎవరో పక్కకొచ్చి "బ్రో, నీ కాయిన్స్ డబుల్ చేసిస్తా" అన్నారు. టెస్ట్ చేద్దామని వెయ్యి ఇస్తే నిజంగానే రెండు వేలు తిరిగొచ్చాయి. దాంతో నమ్మకం కుదిరి ఉన్నదంతా ఇచ్చేశారు. అంతే.. అవతలి మనిషి మాయం!

'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' ఆడే కొత్తవాళ్లకు ఇలాంటి సీన్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఈ గేమ్‌లో రాక్షసుల చేతిలో చచ్చిపోతే పెద్ద నష్టమేమీ ఉండదు. మనుషుల్ని నమ్మి పోగొట్టుకున్నది మాత్రం తిరిగి రాదు. మోసపోయి ఇచ్చేసిన వస్తువుల్ని కంపెనీ వెనక్కి ఇప్పించదు కూడా. అందుకే ఏ కత్తి కొనాలి, ఏ మాన్‌స్టర్‌ను కొట్టాలి అన్నదానికంటే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇంతకీ ఏంటీ గేమ్?

ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన జాగెక్స్ కంపెనీ 2001 జనవరిలో రూన్‌స్కేప్‌ను తీసుకొచ్చింది. తర్వాత వచ్చిన మార్పులు, ముఖ్యంగా 2012లో ఫైటింగ్ సిస్టమ్‌ను మార్చేయడం చాలామంది పాత ప్లేయర్లకు నచ్చలేదు. పాతదే కావాలని పట్టుబట్టారు. కంపెనీ దగ్గర 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి మిగిలి ఉంది. దాన్నే బయటకు తీసి 2013 ఫిబ్రవరిలో 'ఓల్డ్ స్కూల్' పేరుతో వదిలారు. 2018 అక్టోబర్‌లో మొబైల్‌లోకీ వచ్చింది. ఫోన్‌లో ఆడినా, కంప్యూటర్‌లో ఆడినా అదే అకౌంట్, అదే ప్రపంచం.

గ్రాఫిక్స్ చూడగానే "ఇదేంటి ఇంత పాతగా ఉంది" అనిపించడం ఖాయం. కానీ ఒక గంట ఆడాక ఆ సంగతి గుర్తుండదు.

మొదటి రోజు పిండి మర దగ్గరే!

ట్యుటోరియల్ ఐలాండ్ అయిపోగానే లంబ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో దింపుతారు. చాలామంది ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆగరు. కత్తి పట్టుకుని పెద్ద ఊళ్ల వైపు పరిగెత్తేస్తారు. ఆ తొందరలోనే దొరికిపోతారు.

లంబ్రిడ్జ్ కోటలో కింద వంటగది ఉంది. అక్కడి వంటవాడు టెన్షన్‌లో ఉంటాడు. డ్యూక్ గారి పుట్టినరోజుకు కేక్ చేయాలి, కానీ సరుకుల్లేవు. గుడ్డు, పాలు, పిండి తెచ్చివ్వడమే మీ పని. గుడ్డు కోళ్ల దగ్గర దొరుకుతుంది. బకెట్ తీసుకెళ్లి ఆవు దగ్గర పాలు పిండాలి. పొలంలో గోధుమలు కోసి, మర పైఅంతస్తుకు మోసుకెళ్లి తొట్టిలో పోసి, లివర్ లాగి, మళ్లీ కిందికి దిగి కుండలో పిండి పట్టుకోవాలి. ఖాళీ కుండ ముందే దగ్గర పెట్టుకోకపోతే మళ్లీ వెనక్కి నడవాల్సిందే.

చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ గేమ్ మొత్తం నడిచేది ఇలాగే. ఏ వస్తువు ఎక్కడ పుడుతుంది, దాన్నుంచి ఇంకేం తయారవుతుంది, బ్యాగులో 28 గళ్లే ఉంటే ఏది మోయాలి, ఏది బ్యాంకులో పెట్టాలి.. ఇవన్నీ ఈ ఒక్క క్వెస్ట్‌లో అలవాటైపోతాయి. బ్యాంకు కూడా అదే కోట పైఅంతస్తులో ఉంది.

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఓ చిన్న టిప్. దేన్నైనా వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే దానితో ఏమేం చేయొచ్చో లిస్ట్ వస్తుంది. ఊరికే ట్యాప్ చేస్తే గేమ్ తనకు తోచిన పని చేసేస్తుంది. మాట్లాడదామని వెళ్లి కొట్టేసే వాళ్లూ ఉన్నారు!

ఇక లెవెల్స్ సంగతి. ఒక్కో స్కిల్‌లో టాప్ లెవెల్ 99. దానికి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. అందులో సగం ఎక్కడ పూర్తవుతుందో తెలుసా? లెవెల్ 50 దగ్గర కాదు, 92 దగ్గర! అందుకే వేరేవాళ్ల లెవెల్స్ చూసి పోటీ పెట్టుకుంటే నీరసం తప్ప ఏమీ మిగలదు. మొదటి వారం చేపలు పట్టి, వండుకుని, వాటిని తింటూ కోళ్లు, ఆవులతో ఫైటింగ్ నేర్చుకుంటే చాలు. ఆవు తోళ్లను పారేయొద్దు. అవి అమ్ముడుపోతాయి.

ఈ కందకం దాటితే రూల్స్ వేరు

వారోక్, ఎడ్జ్‌విల్ ఊళ్లకు ఉత్తరాన ఒక చిన్న కందకం కనిపిస్తుంది. ఒక్క గెంతుతో దాటేయొచ్చు. అవతల ఉన్నదే వైల్డర్‌నెస్. అక్కడ ప్లేయర్లు ప్లేయర్లను చంపొచ్చు. లోపలికి వెళ్లేకొద్దీ మీకంటే ఎక్కువ లెవెల్ ఉన్నవాళ్లు కూడా మీద పడే ఛాన్స్ పెరుగుతుంది. లెవెల్ 20 దాటాక మామూలు టెలిపోర్ట్‌లు కూడా పనిచేయవు.

బయట ఎక్కడైనా చనిపోతే మీ వస్తువులు 15 నిమిషాల పాటు సమాధి దగ్గర భద్రంగా ఉంటాయి, వెళ్లి తెచ్చుకోవచ్చు. వైల్డర్‌నెస్‌లో వేరే ప్లేయర్ చంపేస్తే అలా కుదరదు. మామూలుగా అన్నిటికంటే విలువైన 3 వస్తువులే మీకు మిగులుతాయి. మిగతావి చంపినవాడివే. మీరే ముందు ఇంకొకరి మీద దాడి చేసి తల మీద పుర్రె గుర్తు తెచ్చుకుంటే ఆ మూడూ ఉండవు.

అందుకే "రా బ్రో, మంచి స్పాట్ చూపిస్తా, ఫ్రీ ఐటమ్స్ ఉన్నాయ్" అని ఎవరైనా ఉత్తరం వైపు తీసుకెళ్తుంటే వెంటనే ఆగిపోండి. కందకం దాటే ముందు గేమ్ కూడా వార్నింగ్ చూపిస్తుంది. దాన్ని చదవకుండా ఓకే కొట్టేవాళ్లే ఎక్కువగా బలవుతారు. లాగిన్ అయ్యేటప్పుడు వరల్డ్ లిస్ట్‌ను కూడా గమనించాలి. పీవీపీ అని రాసున్న వరల్డ్‌లోకి వెళ్తే సేఫ్ జోన్లు తప్ప మిగతా మ్యాప్ అంతా వైల్డర్‌నెస్ లాంటిదే.

ఈ మాటలు వినిపిస్తే జాగ్రత్త

డబుల్ మనీ సంగతి పైన చూశాం. ఇంకో పాత ట్రిక్ 'ఫ్రీ ఆర్మర్ ట్రిమ్మింగ్'. మీ కవచానికి బంగారు అంచులు వేసిస్తామని అడిగి తీసుకుంటారు. అసలు ఏ ప్లేయర్‌కూ అలా అంచులు వేసే అవకాశమే గేమ్‌లో లేదు. ఇంకొందరు "మన పాస్‌వర్డ్ టైప్ చేస్తే గేమ్ దాన్ని చుక్కలుగా చూపిస్తుంది, కావాలంటే ట్రై చెయ్" అంటారు. ట్రై చేస్తే పోయినట్టే.

కంపెనీ స్టాఫ్ అని చెప్పుకునేవాళ్లూ వస్తారు. నిజమైన జాగెక్స్ మోడరేటర్ పేరు పక్కన బంగారు కిరీటం ఉంటుంది. అది ఉన్నవాళ్లు కూడా మీ పాస్‌వర్డ్ అడగరు. వీడియో ప్లాట్‌ఫామ్‌లలో "గేమ్ మానేస్తున్నా, నా కాయిన్స్ అన్నీ పంచేస్తున్నా" అంటూ నడిచే ఫేక్ లైవ్‌ల విషయంలో మరింత అలర్ట్‌గా ఉండాలి. కింద ఇచ్చే లింక్ అచ్చం గేమ్ లాగిన్ పేజీలాగే ఉంటుంది. అందులో మీరు కొట్టిన పాస్‌వర్డ్ నేరుగా దొంగ చేతికి వెళ్తుంది.

ఎవరితోనైనా ట్రేడ్ చేస్తే రెండు స్క్రీన్లు వస్తాయి. రెండోదే ఫైనల్. మొదటి స్క్రీన్‌లో చూపించిన వస్తువును తీసేసి, అలాగే కనిపించే చవకది పెట్టేస్తుంటారు. రెండో స్క్రీన్ చదివాకే యాక్సెప్ట్ కొట్టండి. అసలు ఈ గొడవే వద్దనుకుంటే వారోక్‌లోని గ్రాండ్ ఎక్స్ఛేంజ్ ఉంది. అక్కడ రేటు పెట్టి వదిలేస్తే కొనేవాళ్లు దొరికినప్పుడు అదే అమ్ముడుపోతుంది. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

సెక్యూరిటీ నేర్పే గుహ

బార్బేరియన్ విలేజ్‌లో నేల కింద 'స్ట్రాంగ్‌హోల్డ్ ఆఫ్ సెక్యూరిటీ' అనే నాలుగు అంతస్తుల గుహ ఉంది. లోపలి తలుపులు తెరుచుకోవాలంటే అకౌంట్ సేఫ్టీ మీద అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి మూడు అంతస్తుల్లో కలిపి 10,000 కాయిన్లు, చివర్లో ఒక జత బూట్లు ఇస్తారు. కొత్త అకౌంట్‌కు ఇది మంచి డబ్బే. కింది అంతస్తుల్లో మాన్‌స్టర్లు గట్టివి కాబట్టి తినడానికి చేపలు వెంట ఉంచుకోవాలి.

గుహ నుంచి బయటకు రాగానే రెండు పనులు చేసేయండి. అకౌంట్‌కు ఆథెంటికేటర్ యాప్ కలపడం ఒకటి, బ్యాంకుకు 4 అంకెల పిన్ పెట్టడం రెండోది. దొంగ లాగిన్ అయినా ఆ పిన్ లేకుండా బ్యాంకు తెరవలేడు. పిన్ తీసేయమని అడిగినా మీ సెట్టింగ్‌ను బట్టి 3 లేదా 7 రోజులు ఆగాలి. ఆలోపు మీరు చూసుకోవచ్చు. ఒంటి మీదున్నవి, బ్యాగులో ఉన్నవి మాత్రం పిన్ కాపాడలేదు. కాబట్టి ఆట ఆపే ముందు విలువైనవి బ్యాంకులో వేయడం మంచిది.

డబ్బులు కట్టాలా?

వెంటనే అక్కర్లేదు. ఫ్రీగా ఆడేవాళ్లకు 15 స్కిల్స్, చిన్న మ్యాప్, కొన్ని క్వెస్ట్‌లు ఉంటాయి. వాటిలో పెద్దది డ్రాగన్ స్లేయర్. అది పూర్తి చేసేదాకా ఆసక్తి నిలబడితే అప్పుడు మెంబర్‌షిప్ గురించి ఆలోచించొచ్చు. మెంబర్ అయ్యాక వాటర్‌ఫాల్ క్వెస్ట్ పూర్తి చేస్తే అటాక్, స్ట్రెంగ్త్ రెండూ ఒక్కసారిగా 1 నుంచి 30కి వెళ్తాయి. కోళ్ల మీద అన్ని గంటలు ఎందుకు గడిపామా అని అప్పుడు అనిపిస్తుంది!

కాయిన్లు కొనాలనిపిస్తే అఫీషియల్ దారి 'బాండ్' ఒక్కటే. కంపెనీ దగ్గర అసలు డబ్బుతో బాండ్ కొని, గేమ్‌లో కాయిన్లకు అమ్ముకోవచ్చు. లేదంటే దాన్నే 14 రోజుల మెంబర్‌షిప్‌గా వాడుకోవచ్చు. బయటి వ్యక్తులు "యూపీఐ కొట్టు, గోల్డ్ పంపిస్తా" అంటే ఒప్పుకోవద్దు. అది రూల్స్‌కు విరుద్ధం, దొరికితే అకౌంట్ బ్యాన్ అవుతుంది. గోల్డ్ రాకపోతే గేమ్‌లో కంప్లైంట్ చేయడానికీ ఉండదు. అలా అసలు డబ్బు పోయినా, కార్డ్ వివరాలు, ఓటీపీ చెప్పేసినా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లలు ఆడే ఫోన్ అయితే ముందు ప్లే స్టోర్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ తప్పనిసరి చేసి, ఆ తర్వాతే గేమ్ ఇవ్వండి.